‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ పాడాలనుకుంటున్నారా? విట్నీ దగ్గర కాదు, డాలీ దగ్గర మొదలుపెట్టండి

కరోకే మైక్ ఎక్కడ పెట్టినా ఈ పాట ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. గచ్చిబౌలిలో ఆఫీసు పార్టీ కావచ్చు, డాలస్‌లో తెలుగువాళ్ల గెట్ టుగెదర్ కావచ్చు, జరిగేది మాత్రం ఒకటే. మొదట్లో వాయిద్యాలు లేని భాగం ఎలాగోలా లాగేస్తారు, మధ్యలో శాక్సఫోన్ బిట్ రాగానే హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటారు, తర్వాత ఆ డ్రమ్ము దెబ్బ పడేసరికి గొంతు చీలిపోతుంది, అందరూ మొహమాటానికి చప్పట్లు కొడతారు. గొంతు లేక కాదు ఇలా అయ్యేది. విట్నీ హ్యూస్టన్ 1992లో పాడింది కవర్ (వేరేవాళ్ల పాటను మళ్లీ పాడటం) అని, దాని వెనక డాలీ పార్టన్ తనే రాసుకుని పాడుకున్న మూడు నిమిషాలు కూడా లేని ఒక కంట్రీ (అమెరికా పల్లె శైలి) పాట ఉందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా దాన్ని ఒకసారి విని పక్కన పడేస్తారు.

నేను చెప్పేది ఒక్కటే. ముందు డాలీ పాట నేర్చుకోండి, పూర్తిగా, కాగితం చూడకుండా పాడగలిగేంతగా. అది వచ్చాక విట్నీ ఏం చేసిందో చూడండి. అప్పుడు మీకు కావాల్సింది తీసుకోండి, అక్కర్లేనిది వదిలేయండి.

ముందు కథ, ఎందుకంటే పాడేటప్పుడు పనికొస్తుంది

డాలీ 1967లో పోర్టర్ వాగనర్ టీవీ షోలో చేరింది. అప్పటికే ఆయన కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో పెద్ద స్టార్, ఈవిడ ఇంకా అప్పుడప్పుడే పైకొస్తున్న గాయని. ఐదేళ్లు ఉంటానని చేరింది, ఆ ఐదేళ్లూ దాటిపోయాయి, సొంతంగా పాడుకుంటాను వదిలేయండి అంటే ఆయన ఒప్పుకోడు, ఎన్నిసార్లు చెప్పినా గొడవే. మాటలతో అయ్యేపని కాదని ఇంటికెళ్లి పాట రాసి, తీసుకొచ్చి ఆయన ఎదురుగా కూర్చుని పాడింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడని, ఈ పాట రికార్డింగ్ నా చేతుల్లో పెడితే నువ్వు వెళ్లొచ్చు అన్నాడని డాలీ చాలా ఇంటర్వ్యూల్లో చెప్పింది. 1973 జూన్‌లో నాష్‌విల్‌లోనే రికార్డ్ చేశారు, 1974లో ‘జోలీన్’ ఆల్బంలో వచ్చింది, ఆ జూన్‌కల్లా బిల్‌బోర్డ్ కంట్రీ చార్టులో నంబర్ వన్. (తర్వాత కొన్నేళ్లకు ఆయన కాంట్రాక్టు గురించి ఆమె మీద కేసు వేశాడు, చివరికి సెటిల్ చేసుకున్నారు. పాటలో ఉన్నంత మర్యాదగా బయట ఏమీ జరగలేదన్నమాట.)

దీన్నుంచి పాడేవాళ్లు పట్టుకోవాల్సింది ఏంటంటే, ఈ పాటలో మాట్లాడుతున్నది వదిలేసి వెళ్తున్న మనిషి. వదిలించుకోబడ్డ మనిషి కాదు. నేనుంటే నీకు అడ్డమవుతాను కాబట్టి వెళ్తున్నా, ఏడవకు, నువ్వు చల్లగా ఉండాలి అని చెప్పి గడప దాటుతోంది. బతిమాలడం లేదు, నిష్ఠూరం లేదు, శాపనార్థాలు అసలే లేవు. మనవాళ్లలో ఎక్కువమంది దీన్ని ‘నన్నొదిలి వెళ్లకు’ అన్నట్టు గుండెలు బాదుకుంటూ పాడతారు. అందుకే మొదటి చరణంలోనే పీక్‌కి వెళ్లిపోయి చివరికి ఇంకేం మిగలదు. వెళ్లాలని నిర్ణయించుకున్న మనిషి గొంతు ఎలా ఉంటుందో ఆలోచించండి: మెల్లగా, కాస్త వణుకుతూ, కానీ తడబడకుండా.

అన్నట్టు, రిసెప్షన్‌లో కొత్త జంట కేక్ కట్ చేస్తుంటే ఈ పాట పెట్టే డీజేలు ఉన్నారు. ‘లవ్’ అనే మాట వినపడితే చాలు పెట్టేస్తారు. మీ ఇంట్లో పెళ్లి ఉంటే లిస్టులోంచి దీన్ని తీసేయించండి.

ఏ వరసలో వినాలి

స్ట్రీమింగ్ యాప్‌లో వెతికితే డాలీ పాడినవే రెండు మూడు కనిపిస్తాయి. 1982లో ఒక సినిమా కోసం ఆమే మళ్లీ పాడింది, అది కూడా కంట్రీ చార్టులో నంబర్ వన్ అయింది, 1995లో విన్స్ గిల్‌తో కలిసి ఒక డ్యూయెట్ కూడా ఉంది. మీకు కావాల్సింది ‘జోలీన్’ ఆల్బంలో ఉన్న మొదటిది. ఆల్బం పేరు చూసుకుని పెట్టుకోండి.

మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి గిటార్ మీద, వెనకాల కోరస్ గొంతుల మీద చెవి పెట్టండి, అవి ఎంత తక్కువగా ఉన్నాయో గమనించండి. మూడోసారి డాలీ ఊపిరి ఎక్కడెక్కడ తీసుకుంటోందో సాహిత్యం కాగితం మీద టిక్కులు పెట్టుకోండి. ఈ పని బోర్ కొడుతుంది గానీ తర్వాత చెప్పబోయే సగం కష్టాలు దీంతోనే తీరతాయి. ఇంకో సంగతి, మూడో చరణం ఆమె పాడదు, మాట్లాడుతుంది. వెనకాల సంగీతం నడుస్తుంటే మామూలు మాటల్లా చెప్పేస్తుంది. పాత కంట్రీ పాటల్లో ఈ పద్ధతి ఉండేది, మన చెవికి మొదట కొంచెం ఎబ్బెట్టుగా అనిపించవచ్చు. కానీ నువ్వు బాగుండాలి అని దీవించే మాటలు పాడకుండా చెప్పడంలో ఏదో ఉంది, ఎదుటి మనిషి భుజం మీద చెయ్యేసి చెప్పినట్టు.

తర్వాత లిండా రాన్‌స్టాట్ 1975లో పాడింది వినండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ డాలీ నుంచి విట్నీ దాకా పాట నడిచింది ఈ దారిలోనే. విట్నీ పాడిన ‘ది బాడీగార్డ్’ సినిమాకి మొదట అనుకున్న పాటను అప్పటికే వేరే సినిమా వాళ్లు వాడేసుకోవడంతో, హీరో కెవిన్ కాస్ట్‌నర్ ఈ పాట చేద్దామని సంగీత నిర్మాత డేవిడ్ ఫాస్టర్‌కి రాన్‌స్టాట్ రికార్డే వినిపించాడు. అందులో డాలీ మాట్లాడే ఆ మూడో చరణం లేదు. ఫాస్టర్ డాలీకి ఫోన్ చేసినప్పుడు ఆవిడే, ఇంకో చరణం ఉంది, అది లేకపోతే పాట పూర్తి కాదు అని చెప్పడంతో అది చేర్చారు. చూడండి, ఆ ఫోన్ చేయకపోయి ఉంటే విట్నీ పాటలో డ్రమ్ము దెబ్బకి ముందు వచ్చే ఆ చరణమే ఉండేది కాదు! కవర్ చేసేవాళ్లు ఇంకో కవర్‌ని నమ్ముకోకుండా అసలు పాట దాకా వెళ్లాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

అన్నీ అయ్యాక విట్నీది. హెడ్‌ఫోన్స్‌లో వినండి, ఫోన్ స్పీకర్‌లో కాదు.

డాలీ పాట నేర్చుకోవడం

గిటార్ కాస్త వచ్చినా చాలు. డాలీ పాట ‘ఏ’ (A) మేజర్‌లో ఉంది. ఏ, డి, ఇ, ఎఫ్ షార్ప్ మైనర్, దాదాపు ఈ నాలుగు కార్డులతో పాటంతా గడిచిపోతుంది, స్పీడు నిమిషానికి 70 బీట్ల లోపే. కీబోర్డ్ వాళ్లకైతే ఇంకా తేలిక. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు శంకరాభరణం స్వరాలు పట్టుకుంటే ట్యూన్ చేతికి వచ్చేస్తుంది, ఒకటికి రెండుసార్లు స్వరాలు రాసుకుని పాడండి, సాహిత్యం తర్వాత చూద్దాం.

ఇక్కడ మనవాళ్లకి ఒక ఇబ్బంది ఉంది. శాస్త్రీయం నేర్చుకున్న గొంతు ఒక స్వరం మీద ఊరికే నిలబడదు, కదిలిపోతూ ఉంటుంది, గమకం తనంతట తనే వచ్చేస్తుంది. డాలీ పాటలో స్వరం నేరుగా పడాలి, నిలబడాలి, ఆ తర్వాత చివర్లో చిన్న వణుకు రావాలి. ఆ వణుకు ఆమె గొంతులో సహజంగా ఉన్నది, మీరు అనుకరించకండి, మీ గొంతులో అలాంటిది లేకపోతే సాదాగా ముగించండి. తంబురా యాప్ పెట్టుకుని ఒక్కో వాక్యం చివరి స్వరాన్ని నాలుగు లెక్కలు కదలకుండా పట్టుకోవడం ప్రాక్టీస్ చేయండి. వినడానికి సులువు, చేస్తే తెలుస్తుంది.

యాస సంగతి కూడా అంతే. డాలీది టెనసీ కొండప్రాంతం యాస, దాన్ని తెచ్చిపెట్టుకుంటే కామెడీ అయిపోతుంది. మీ మామూలు ఇంగ్లీషులోనే పాడండి, రెండే రెండు చోట్ల మాత్రం జాగ్రత్త పడండి. ‘ఐ’ అని సాగదీసేచోట ‘ఆ’ మీద సాగదీసి, స్వరం వదిలే ముందు మాత్రమే చిన్న ‘ఇ’ తగిలించాలి. మొదటి నుంచీ ‘ఐ’ అని పట్టుకుంటే నోరు మూసుకుపోయి గొంతు బిగుస్తుంది, పైస్థాయిలో ఇక రాదు. రెండోది ‘విల్’. ఇంగ్లీషులోని రెండు ‘వ’లూ (డబ్ల్యూ, వి) మనం ఒకేలా పలుకుతాం. ‘విల్’కి పెదాలు గుండ్రంగా చుట్టాలి, ‘లవ్’ చివర్లో పై పళ్లు కింది పెదవికి తగలాలి. ఆ ‘లవ్’ని ‘లవ్వు’ చేయకండి, మైక్‌లో అది బాగా వినపడుతుంది. మూడో చరణం మాట్లాడాలా పాడాలా అన్నది మీ ఇష్టం. మాట్లాడితే మాత్రం డ్రామా చేయకండి, న్యూస్ చదివినట్టూ చెప్పకండి.

దీన్ని ఇంట్లోవాళ్ల ముందు ఒక గిటార్‌తోనో, ఏమీ లేకుండానో పాడి, వాళ్లు మధ్యలో ఫోన్ చూసుకోలేదంటే మీకు పాట వచ్చినట్టే. చాలామందికి నేను ఇక్కడే ఆగిపొమ్మని చెబుతాను. డాలీ పద్ధతిలో మూడు నిమిషాలు శుభ్రంగా పాడిన పాట, విట్నీలా పాడబోయి చివర్లో జారిపోయిన దానికన్నా ఎప్పుడూ బాగుంటుంది.

విట్నీ ఏం మార్చింది

ఆగనివాళ్ల కోసం మిగతాది.

విట్నీ పాటలో పెద్ద మార్పులు మూడే. మొదటి చరణానికి వాయిద్యాలు తీసేశారు, ఆమె గొంతు ఒక్కటే దాదాపు ముప్పావు నిమిషం ఉంటుంది. ఇది కాస్ట్‌నర్ పట్టుబట్టి చేయించింది, సంగీతం లేకుండా మొదలైతే రేడియోవాళ్లు వేయరేమో అని రికార్డు కంపెనీకి భయం ఉన్నా సరే. రెండోది, డాలీ మాట్లాడిన చరణాన్ని విట్నీ పాడింది. మూడోది, ఆ చరణం అయ్యాక చిన్న నిశ్శబ్దం, ఒక్క డ్రమ్ము దెబ్బ, స్కేల్ ఏ నుంచి బి మేజర్‌కి ఎక్కడం. మన లెక్కలో ఆరు శ్రుతి నుంచి ఏడు శ్రుతికి. మధ్యలో కిర్క్ వేలమ్ శాక్సఫోన్. పాట నాలుగున్నర నిమిషాలకు పెరిగింది. 1992 నవంబర్‌లో విడుదలై అమెరికా పాప్ చార్టులో 14 వారాలు నంబర్ వన్‌గా కూర్చుంది, 1994 గ్రామీల్లో రికార్డ్ ఆఫ్ ది ఇయర్ కూడా ఇదే.

గమనించారా, ట్యూన్ పెద్దగా మార్చలేదు, సాహిత్యం మార్చలేదు, స్పీడు మార్చలేదు. పల్లవి వచ్చిన ప్రతిసారీ మాత్రం కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయింది. ఇది మనకి బాగా తెలిసిన పద్ధతే. కృతిలో పల్లవి మొదటి సంగతి సాదాగా పాడి, రెండోదానికి ఒక మలుపు వేసి, ఆఖరి సంగతికి తారస్థాయి ముట్టుకుంటాం చూడండి, అదే లెక్క. ఆఖరి సంగతితో మొదలుపెట్టే విద్వాంసుడు ఎవరైనా ఉంటాడా? కరోకేలో మనం చేసేది మాత్రం అదే.

శ్రుతి ఎంచుకోవడం

ఇది అన్నిటికన్నా ముఖ్యం, దీన్నే అందరూ వదిలేస్తారు. మొదటి చరణం పాడి చూసుకుని, ఆహా ఈ స్కేల్ నాకు సరిపోయింది అనుకుంటారు. మొదటి చరణం ఎవరికైనా సరిపోతుంది. మీరు చూడాల్సింది స్కేల్ మారాక వచ్చే పల్లవి. ఇలా చేయండి: కీబోర్డ్ మీదో యాప్‌లోనో ఏదో ఒక శ్రుతి పెట్టుకుని, చివరి పల్లవి ఒక్కటే పూర్తి గొంతుతో పాడండి. అరవకుండా, మెడ నరాలు పొంగకుండా వరసగా మూడుసార్లు పాడగలిగారా? లేదంటే అరమెట్టు (కీబోర్డ్ మీద పక్కనే ఉన్న మెట్టు) దించి మళ్లీ పాడండి. ఎక్కడ హాయిగా ఉందో అక్కడ ఆగి, అక్కడి నుంచి రెండు అరమెట్లు కిందికి రండి. మీ పాట మొదలవాల్సిన శ్రుతి అదే. ఉదాహరణకి చివరి పల్లవి మీకు ఐదు శ్రుతిలో బాగుంటే, మొదలు నాలుగు శ్రుతి. కరోకే యాప్‌లలో స్కేల్ మార్చే బటన్ ఉంటుంది, దానికి సిగ్గుపడక్కర్లేదు. ఆరు శ్రుతిలో పాడకపోతే ఎవరూ జరిమానా వేయరు.

మగవాళ్లకి ఇంకో మాట. విట్నీ స్కేల్‌లోనే కింది స్థాయిలో పాడితే మొదటి చరణం మరీ గొణిగినట్టు ఉంటుంది, పై స్థాయిలో పాడితే చివర్లో ప్రాణం పోతుంది. రెండు శ్రుతి, మూడు శ్రుతి ప్రాంతంలో వెతుక్కోండి, అంటే డి లేదా ఇ. ఈ పాట ఆడవాళ్లదే అని ఎక్కడా రాసి లేదు, ఎల్విస్ ప్రెస్లీ కూడా పాడదామనుకున్నాడు. దాని గురించి చివర్లో చెబుతాను.

వాయిద్యాలు లేని భాగం

తోడు లేకుండా పాడుతుంటే గొంతు నెమ్మదిగా కిందికి జారుతుంది, పాడేవాళ్లకి తెలియదు. చరణం అయ్యాక ట్రాక్‌లో వాయిద్యాలు వచ్చినప్పుడు తెలుస్తుంది, అప్పుడు వినేవాళ్లందరికీ కూడా తెలుస్తుంది. దీనికి మందు ఒకటే: ఒక చెవిలో తంబురా పెట్టుకుని, ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటూ చరణం పాడండి. తర్వాత తంబురా తీసేసి పాడి, చివరి స్వరం దగ్గర ఆగి కీబోర్డ్ మీద ఆ స్వరం నొక్కి చూడండి. కలిసిందా? కలవకపోతే ఏ పదం దగ్గర జారిందో రికార్డింగ్‌లో వెతకండి. మామూలుగా ఊపిరి అయిపోతున్న చోటే జారుతుంది, కాబట్టి డాలీ పాట విన్నప్పుడు టిక్కులు పెట్టుకున్న కాగితం ఇప్పుడు బయటికి తీయండి. విట్నీ పదాల మధ్య ఖాళీలు ఎక్కువ వదులుతుంది, ఆ ఖాళీల్లో ధైర్యంగా ఊపిరి తీసుకోవచ్చు, తొందరేం లేదు. తాళం లేదు కదా అని మరీ సాగదీయకండి, మనసులో లెక్క నడుస్తూనే ఉండాలి.

స్టేజి మీదికి వెళ్లేముందు మొదటి స్వరం ఎక్కడి నుంచి తెచ్చుకుంటారో చూసుకోండి. కొన్ని కరోకే ట్రాకుల్లో ముందు ఒక స్వరం వినిపిస్తారు, కొన్నిట్లో ఏమీ ఉండదు. లేకపోతే మైక్ అందుకునే ముందు ఫోన్‌లో శ్రుతి విని, లోపల హమ్ చేసుకుంటూ ఎక్కండి.

ఆ మలుపులు, ఆ డ్రమ్ము దెబ్బ

‘ఐ’ మీద విట్నీ నాలుగైదు స్వరాలు దొర్లిస్తుంది చూశారా, దాన్ని వేగంగా నేర్చుకోబోతే ముద్దయిపోతుంది. యూట్యూబ్‌లో స్పీడు సగానికి తగ్గించండి, శ్రుతి మారదు. ఏ స్వరాలు పడుతున్నాయో స-రి-గల్లో రాసుకోండి, సరళీ స్వరాల్లా మొదటి కాలంలో పాడి, తర్వాత రెండో కాలం. మలుపులన్నీ నేర్చుకోనక్కర్లేదు. పాట మొత్తంలో మీ గొంతుకి వచ్చే రెండో మూడో ఎంచుకోండి, మిగతాచోట్ల డాలీ పాడినట్టు నేరుగా పాడేయండి. ఇదిగో, ఇందుకే ముందు డాలీది నేర్చుకోమన్నది. మలుపు రాని చోట నిలబడటానికి కింద అసలు ట్యూన్ ఉంటుంది. విట్నీది మాత్రమే విన్నవాళ్లకి మలుపు తప్పితే ఏ స్వరం పాడాలో కూడా తెలియదు.

ఇక డ్రమ్ము దెబ్బ. మూడు నిమిషాలు దాటాక వస్తుంది. చరణం చివర నిశ్శబ్దం, ధన్‌మని దెబ్బ, వెంటనే కొత్త స్కేల్‌లో పూర్తి గొంతుతో పల్లవి. ఆ దెబ్బలో మీకు శ్రుతి అందించే స్వరం ఏమీ ఉండదు, కొత్త స్కేల్ మీ బుర్రలోనే ఉండాలి. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి ఒక చిట్కా: పాత శ్రుతిలో చతుశ్రుతి రిషభం కొత్త శ్రుతిలో షడ్జం అవుతుంది. కాబట్టి చరణం ఆఖరి మాట వదిలాక మనసులోనే స-రి అనుకోండి, ఆ రి మీద ఆగండి, ఇప్పుడదే స. కళ్లు మూసుకుని రోజూ కాసేపు ఇదొక్కటే చేయండి. పాత శ్రుతిలో చరణం చివరి వాక్యం, నిశ్శబ్దం, కొత్త శ్రుతిలో పల్లవి మొదటి మాటలు, ఆపి కీబోర్డ్‌తో సరిచూసుకోవడం. గిటార్, కీబోర్డ్ వాయించుకునేవాళ్లకి కొత్త కార్డులు బి, ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్ మైనర్. గిటార్ మీద వీటిలో ఇ తప్ప మిగతావి బారె కార్డులు (ఒకే వేలితో తీగలన్నీ నొక్కేవి) కాబట్టి, రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్పు) ఉన్న గిటార్ ఇంకొకటి స్నేహితుడి చేతిలో పెట్టడం మేలు.

నిశ్శబ్దాన్ని భయపడి తగ్గించకండి. అక్కడ గుక్కెడు ఊపిరి కింద పొట్ట దాకా తీసుకునే టైం ఉంది, భుజాలు లేపకుండా తీసుకోండి. అరవాలన్న తొందర కూడా వద్దు, అప్పటిదాకా మెల్లగా పాడి ఉంటే మామూలు పూర్తి గొంతే పెద్దగా వినిపిస్తుంది. పాటంతా గట్టిగా పాడినవాళ్లకే చివర్లో అరవాల్సి వస్తుంది.

మైక్ వాళ్లతో

మన ఫంక్షన్లలో సౌండ్ సిస్టమ్ వాళ్లకి ఎకో అంటే ప్రాణం, నాబ్ చివరిదాకా తిప్పి పెడతారు. ఈ పాటకి అది విషం, నిశ్శబ్దం ఉండాల్సిన చోట మీ గొంతే మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది. పాడేముందు వెళ్లి, అన్నా ఎకో బాగా తగ్గించు, మ్యూజిక్ లేకుండా మొదలవుతుంది, ట్రాక్ రాలేదని కంగారుపడి పాట మార్చకు అని చెప్పండి. ఈ రెండో ముక్క మర్చిపోకండి, నిజంగానే మార్చేస్తారు. మొదటి చరణానికి మైక్ నోటికి రెండు మూడు వేళ్ల దూరంలో ఉంచండి, చివరి పల్లవికి జానెడు దూరం జరపండి. దగ్గరే పెట్టుకుని పూర్తి గొంతుతో పాడితే సౌండ్ పగిలిపోతుంది, తప్పు మీదే అనుకుంటారు అందరూ.

యూట్యూబ్‌లో పెట్టేముందు

ఎల్విస్ సంగతి చెబుతానన్నాను కదా. 1970లలో ఎల్విస్ ఈ పాట రికార్డ్ చేయడానికి అంతా సిద్ధమయ్యాక, ఆయన మేనేజర్ కర్నల్ టామ్ పార్కర్ పాట పబ్లిషింగ్ హక్కుల్లో సగం రాసిస్తేనే అన్నాడు. డాలీ రాత్రంతా ఏడ్చింది, కానీ ఇవ్వను అని చెప్పేసింది. ఎల్విస్ పాడలేదు. హక్కులు చేతిలోనే ఉన్నాయి కాబట్టి విట్నీ రికార్డు అమ్ముడైనప్పుడు రాసినందుకు రావాల్సిన డబ్బు డాలీకి వచ్చింది. అందులో కొంత పెట్టి నాష్‌విల్‌లో నల్లజాతీయులు ఉండే ప్రాంతంలో ఒక ఆఫీసు కాంప్లెక్స్ కొన్నానని, విట్నీని తలుచుకునే కొన్నానని తర్వాత ఒక టీవీ షోలో చెప్పింది.

ఇది కబురు కోసం చెప్పలేదు, మీ వీడియోకి పనికొచ్చే విషయం. పాటకి రెండు రకాల హక్కులు ఉంటాయి. ట్యూన్, సాహిత్యం హక్కు ఒకటి, ఫలానా రికార్డింగ్ హక్కు ఇంకొకటి. మీరు సొంతంగా గిటార్ వాయించుకుని పాడితే రికార్డింగ్ వాళ్లతో మీకు పనిలేదు, రాసినవాళ్ల వైపు నుంచి మాత్రం యూట్యూబ్‌లో క్లెయిమ్ (ఈ పాట హక్కు మాది అనడం) రావచ్చు. క్లెయిమ్ వస్తే కంగారుపడకండి, అది స్ట్రైక్ (ఛానెల్ మీద పడే శిక్ష) కాదు, మామూలుగా వీడియో ఉంటుంది, యాడ్స్ డబ్బు వాళ్లకి వెళ్తుంది. ఎవరో చేసిన కరోకే ట్రాక్ మీద పాడితే ఆ ట్రాక్ చేసినవాళ్లు కూడా క్లెయిమ్ వేయొచ్చు. విట్నీ రికార్డింగ్‌లోంచి గొంతు తీసేసిన ట్రాక్ మాత్రం అస్సలు వాడకండి. స్పాటిఫై లాంటి వాటిలో ఆడియో పెట్టాలంటే కవర్ లైసెన్స్ కావాలి, పాటలు అప్‌లోడ్ చేసిపెట్టే డిస్ట్రిబ్యూటర్లలో కొందరు ఫీజు తీసుకుని అది ఇప్పిస్తారు.

ఇదే ట్యూన్‌కి తెలుగు సాహిత్యం రాసి పాడదామని చాలామందికి ఉంటుంది. అది కవర్ కిందికి రాదు, దానికి రాసినవాళ్ల అనుమతి విడిగా కావాలి. మన దేశంలో కవర్‌లకి కాపీరైట్ చట్టంలో 31సి అని ఒక సెక్షన్ ఉంది, అందులో కూడా హక్కుదారు ఒప్పుకోకుండా పాటలో మార్పులు చేయకూడదనే ఉంది. ఇంట్లో పాడుకోవడానికి ఎవరూ అడ్డురారు, అప్‌లోడ్ చేస్తేనే తలనొప్పి.

ఇంకొక్కటి. వీడియో కింద డిస్క్రిప్షన్‌లో ‘ఒరిజినల్: విట్నీ హ్యూస్టన్’ అని రాస్తారు చాలామంది. రచన, సంగీతం: డాలీ పార్టన్ అని రాయండి. విట్నీ పద్ధతిలో పాడి ఉంటే దాని కింద ఆమె పేరు, డేవిడ్ ఫాస్టర్ పేరు కూడా వేయండి.